ఓర్పు అని పేరు పెట్టిన చదువు

"కంటి పని ఆడపిల్లలకి బాగా నప్పుతుందండీ. ఓర్పుంటుంది, చెయ్యి మెత్తన." రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా ఈ మెచ్చుకోలు వింటూనే ఉంటాం. సాహిత్యం చదువుకున్నదాన్ని, మాటల వెనక ఏముందో వెతకడం నా పని. ఈ మెచ్చుకోలు జీతంలో ఏ వరసలో కనిపిస్తుంది?

ఎం.బి.బి.ఎస్. చదివిన అమ్మాయికీ ఇదే మాట ఇంకో వేషంలో వస్తుంది. కంటి విభాగం తీసుకో, రాత్రి డ్యూటీల బాధ ఉండదు, సంసారానికి అడ్డు రాదు. మూడేళ్ల ఎం.ఎస్. అయ్యాక రెటీనాలోనో కార్నియాలోనో ఫెలోషిప్‌కి హైదరాబాదో మదురయో వెళ్తానంటే మాత్రం "ఇంకా చదువేంటి?" అంటారు. అయినా ఆమె ముందు నిచ్చెన ఉంది, ఎక్కనివ్వరన్నదే తగువు. ఇంటర్ అయ్యాక కంటాసుపత్రిలో చేరిన అమ్మాయికి ఆ నిచ్చెనే లేదు. నేను మాట్లాడుతున్నది ఆమె గురించి.

ఆమె చేసే పని చూడండి. చీకటి గదిలో రెటినోస్కోపు వెలుగుగీతని కంటిపాప మీద అటూ ఇటూ కదుపుతుంది. లోపలి ఎర్రటి మెరుపు గీతతో పాటే కదిలితే ప్లస్ అద్దం, ఎదురు నడిస్తే మైనస్. కదలిక ఆగేదాకా అద్దాలు మార్చి, తాను కూర్చున్న దూరానికి లెక్క తీసేసి, పవరు తేలుస్తుంది. మాటలు రాని పసివాడికీ అక్షరాలు రాని ముసలమ్మకీ కూడా. శుక్లం ఆపరేషన్లో పెట్టే లెన్సు కోసం కంటిగుడ్డు పొడవు కొలిచేదీ చాలాచోట్ల ఆమే. అందులో ఒక్క మిల్లీమీటరు తప్పితే పవరు సుమారు రెండున్నర డయాప్టర్లు తప్పుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన ఓర్పా?

కాదని తెలిసినవాళ్లే దీన్ని చదువుగా నేర్పారు. 1976లో మదురైలో మొదలైన అరవింద్ ఆసుపత్రి పల్లెటూరి అమ్మాయిలకి రెండేళ్ల శిక్షణ పెట్టింది. (అందులో డాక్టర్ నాచ్చియార్ పాత్ర పెద్దది. ఆమె అన్న వెంకటస్వామి పేరు తెలిసినంతగా ఆమె పేరు మనకి తెలియదు!) మన ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ పేరుతో 1987లో హైదరాబాదులో వెలిసిన సంస్థ, గ్రామీణ యువతకి ఏడాది శిక్షణనిచ్చి, సుమారు 50 వేల జనాభాకొక విజన్ సెంటర్ చొప్పున నిలబెట్టింది. పశ్చిమ గోదావరితో సహా నాలుగుచోట్ల 1996-2000 మధ్య ఆ సంస్థ చేసిన సర్వేలో అంధత్వం ఆడవాళ్లలోనే ఎక్కువని తేలింది. మొత్తం అంధత్వంలో దాదాపు 60 శాతానికి కారణం శుక్లాలు, కళ్లజోడుతో సరిచేయగల లోపాలూ. అంటే ఈ అమ్మాయి కనిపెట్టగలిగినవే.

శిక్షణ ఖర్చు పెట్టకుండా ఆ చవకతనాన్ని మాత్రం తెచ్చుకున్నవాళ్లు వేరే ఉన్నారు. డెల్టాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఒకామెతో మాట్లాడాను. కొత్తగా చేరిన డాక్టర్లకి కూడా రెటినోస్కోపీలో మెళకువలు చెప్పిందామె. సర్టిఫికెట్ లేదు. ఊరు మారితే మళ్లీ మొదటి జీతమే. అక్కడ నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు "డాక్టరు గారు", నలభై దాటిన ఈమె "అమ్మాయ్".

పెళ్లయితే మానేస్తారు కదా, వీళ్లమీద ఖర్చెందుకని యాజమాన్యాల వాదన. జీతం పెరగని, హోదా మారని ఉద్యోగాన్ని నిలబెట్టుకోవడానికి ఏ అత్తింట్లో ఏమని వాదించగలదు? అలాంటి ఉద్యోగానికే మనం సభల్లో "సాధికారత" అని పేరు పెట్టి చప్పట్లు కొడుతున్నాం.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, అనుబంధ ఆరోగ్య ఉద్యోగి అంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటల చదువు ఉండాలంది. ప్రమాణం ఉండాల్సిందే. కానీ ఆ 2000 గంటలు ఆమె చీకటి గదిలో ఎప్పుడో దాటేసింది. వాటిని లెక్కించండి. చేతి పని చూసే పరీక్ష పెట్టండి, తెలుగులో పెట్టండి. నెగ్గినవాళ్లకి ఆప్టోమెట్రీ డిగ్రీలో ఒక ఏడాదైనా తగ్గించండి. ఆ ఫీజు, సెలవుతో సహా, ఇన్నేళ్లూ ఆమె కొలతల మీద ఆపరేషన్లు చేసుకున్న ఆసుపత్రే కట్టాలి.