పేరులో చిన్న కోట్ గుర్తు.. డేటాబేస్‌కే ఎసరు పెడుతోందా?

గోవా, మంగళూరు వైపు డిసౌజా అనే ఇంటిపేరు మామూలే. ఇంగ్లిష్‌లో 'డి' పక్కన పైన చిన్న కోట్ గుర్తు పెడతారు. అలా టైప్ చేస్తే కొన్ని వెబ్‌సైట్లు ఒప్పుకోవు. 'స్పెషల్ క్యారెక్టర్లు వాడొద్దు' అంటాయి. భద్రత కోసమేనట! మరి దాంతో నిజంగా భద్రత వస్తుందా?

ముందు భయం ఎక్కడిదో చూద్దాం. మీరు టైప్ చేసిన పేరును సైట్ రెండు కోట్ల మధ్య పెట్టి డేటాబేస్‌కు ఆదేశంగా పంపుతుంది. పేరులోనే కోట్ ఉంటే? పేరు అక్కడితో అయిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది. ఆ తర్వాత ఉన్నదంతా ఆదేశమే అనుకుంటుంది. డిసౌజాగారికైతే ఎర్రర్ వస్తుంది.. అంతే. హ్యాకర్ మాత్రం కావాలనే కోట్ పెట్టి, వెనకాల తన ఆదేశం రాస్తాడు. ఇదే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్.

2015 అక్టోబర్‌లో బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్ ఇలాగే దెబ్బతింది. 1,56,959 మంది కస్టమర్ల వివరాలు బయటకు పోయాయి. అందులో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలూ ఉన్నాయి. 2009లో కొన్న టిస్కాలీ కంపెనీతో పాటు వచ్చిన మూడు పాత వెబ్‌పేజీలే హ్యాకర్లకు దారి ఇచ్చాయి. అవి ఉన్నాయన్న సంగతే టాక్‌టాక్‌కు తెలియదు! ఏడాది తర్వాత 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. పోనీ పాత కథ అనుకుందామా అంటే.. 2023లో మూవిట్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌లో దొరికిన లోపమూ ఇదే. బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల డేటా దాంతోనే పోయింది.

మందు ఎప్పట్నుంచో ఉంది. ఆదేశాన్ని ముందే వేరుగా పంపాలి, పేరును తర్వాత వేరుగా ఇవ్వాలి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. అప్పుడు పేరులో ఏ గుర్తున్నా అది పేరే, ఆదేశం కాదు. గుర్తులను నిషేధించడం మాత్రం అడ్డదారి. పాస్‌వర్డ్ బాక్సులో కూడా కోట్ వద్దంటున్నారంటే.. ఆ సైట్‌ను కాస్త అనుమానించాల్సిందే.

ఈ నిషేధం దెబ్బ మనకూ తగులుతోంది. 'ఎ' నుంచి 'జెడ్' దాకా ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే అని ఫిల్టర్ పెడితే తెలుగులో రాసిన పేరు మొత్తం స్పెషల్ క్యారెక్టరే! ఇక మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థలకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఫారంలో కోట్ గుర్తును నిషేధించాం అంటే ఆ లెక్క తీరదు.