ఆఫీసుకెళ్తున్నానని చెప్పి

తెల్లవారుతోంది. రోడ్డు పక్కన ఆపిన కారులో ఒకతను నిద్రపోతున్నాడు. అద్దాలన్నీ ఊపిరి ఆవిరికి మసకబారి ఉన్నాయి. సెల్‌ఫోన్ మోగుతుంది. అవతల భార్య. వరసగా మీటింగులున్నాయని, ఇంటికి రావడం ఆలస్యం కావచ్చని చెబుతాడు. గొంతులో తడబాటు లేదు, తొందర లేదు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఇంటికి ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. అతని ఉద్యోగం పోయి అప్పటికే కొంతకాలమైంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

'టైమ్ ఔట్' ఇలా మొదలవుతుంది. ఫ్రెంచిలో దీని పేరు 'లాంప్ల్వా ద్యు తాం'. దర్శకుడు లొరాన్ కాంతే 2001లో తీశాడు. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో బహుమతి అందుకుంది, విమర్శకులు మెచ్చుకున్నారు. తర్వాత మెల్లగా మాటల్లోంచి జారిపోయింది. 2008లో అదే దర్శకుడు పారిస్‌లోని ఒక బడి గురించి తీసిన 'ద క్లాస్' కాన్‌లో పామ్ డోర్ గెలిచింది. 21 ఏళ్ల విరామం తర్వాత ఫ్రెంచి సినిమాకి దక్కిన గౌరవం కావడంతో కాంతే పేరు ఆ సినిమాతోనే ముడిపడిపోయింది. 2024 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. ఆయన తీసినవాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది మాత్రం ఈ మరుగున పడ్డ సినిమానే.

కథకు వెనక ఒక ఘోరమైన నేరం ఉంది. జాన్ క్లోద్ రోమాన్ అనే ఫ్రెంచివాడు మెడిసిన్ రెండో ఏడాది పరీక్షకు వెళ్లలేదు. వెళ్లానని, పాసయ్యానని చెప్పాడు. అక్కడి నుంచి 18 ఏళ్లు డాక్టరుగా, జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థలో పరిశోధకుడిగా చలామణీ అయ్యాడు. పొద్దున్నే కారెక్కి వెళ్లేవాడు. పగలంతా పార్కింగ్ స్థలాల్లో, కాఫీ హోటళ్లలో, అడవి దారుల్లో గడిపేవాడు. స్విస్ బ్యాంకుల్లో మదుపు పెడతానని బంధువుల దగ్గర తీసుకున్న డబ్బుతో ఇల్లు నడిపేవాడు. నిజం బయటపడే ఘడియ దగ్గరపడగానే, 1993 జనవరిలో భార్యని, ఇద్దరు పిల్లల్ని, కన్న తల్లిదండ్రుల్ని చంపేశాడు. 1996లో యావజ్జీవ శిక్ష పడింది. ఇమాన్యుయేల్ కారేర్ 2000లో ఈ కేసు మీద రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. నికోల్ గార్సియా ఆ పుస్తకాన్నే 2002లో సినిమాగా తీసింది.

కాంతే, ఆయనతో కలిసి స్క్రిప్టు రాసిన రోబాన్ కాంపియో ఈ నేరం దగ్గర మొదలుపెట్టి, అందులోంచి రక్తాన్ని పూర్తిగా తీసేశారు. వాళ్ల విన్సెంట్ ఎవర్నీ చంపడు. దొంగ డాక్టరూ కాదు. నిన్నమొన్నటిదాకా కన్సల్టెంటుగా నిజంగానే పనిచేసినవాడు, పెళ్లాం పిల్లల్ని ప్రేమించేవాడు, నలుగురిలో మర్యాదస్తుడు. 18 ఏళ్ల అబద్ధం కొన్ని నెలలకు కుదించుకుపోయింది. థ్రిల్లర్ తీసేవాడు చేతికి అందిన అయిదు హత్యల్ని వదులుకోవడమంటే మాటలు కాదు. నా ఉద్దేశంలో ఈ సినిమా గొప్పతనమంతా ఆ ఒక్క నిర్ణయంలోంచే పుట్టింది. హంతకుడి కథ చూసేటప్పుడు, వీడు నాలాంటివాడు కాదులే అని మనకు ఒక భరోసా ఉంటుంది. కాంతే ఆ భరోసాని లాగేశాడు.

రోమాన్ సంగతి తెలిసి చూసేవాళ్లకు మాత్రం సినిమా పొడవునా గుండె బిగపట్టినట్టే ఉంటుంది. విన్సెంట్ కొండల్లో మంచు మధ్య ఒక పాత గుడిసెలో ఉంటుంటాడు. భార్య మ్యూరియెల్ వస్తే అక్కడికి తీసుకెళ్తాడు. ఇద్దరూ మంచులో నడుస్తారు. ఎటు చూసినా తెలుపు. తర్వాత ఏమవుతుందోనని మనం చేతులు నలుపుకుంటాం. ఏమీ కాదు. వాళ్లకి ఆ రోజు నిజంగానే సంతోషంగా గడిచిపోతుంది. అలా ఏమీ కాకుండా పోయిన ప్రతిసారీ భయం తగ్గదు, ఇంకో రూపంలో పేరుకుంటుంది.

ఇంట్లోవాళ్లకి విన్సెంట్ చెప్పిన కొత్త అబద్ధం, జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఉద్యోగం వచ్చిందని. ఆఫ్రికా దేశాల అభివృద్ధి ప్రాజెక్టులట. అక్కడ ఇల్లు తీసుకోవాలని తండ్రి దగ్గర పెద్ద మొత్తం తెచ్చుకుంటాడు. అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి అతను చేసే పనులు జాగ్రత్తగా చూడండి. ఒకరోజు అద్దాల మేడలాంటి ఆఫీసులోకి సూటూ బూటుతో నడిచి వెళ్తాడు. ఎవరూ ఆపరు. గాజు గోడల అవతల మీటింగులు జరుగుతుంటాయి. నిలబడి చూస్తాడు. బ్రోషర్లు ఏరుకుని కారులో కూర్చుని చదువుతాడు, ఆ పదాలు నోటికి పట్టించుకుంటాడు. ఆ సాయంత్రం స్నేహితుల ముందు అవే పదాలు వల్లిస్తే వాళ్లు శ్రద్ధగా వింటారు, గౌరవంగా చూస్తారు.

ఒళ్లు జలదరించేది ఇక్కడే. విన్సెంట్ నటిస్తున్న ఉద్యోగానికీ, ఆ గాజు గదుల్లో కూర్చున్నవాళ్ల ఉద్యోగానికీ బయటినుంచి చూస్తే ఏ తేడా లేదు. ఫోన్లు, ఫైళ్లు, ప్రయాణాలు, పెద్ద పెద్ద పదాలు. అతని పాత ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు కాబట్టే కొత్తది లేదన్న సంగతీ తెలియలేదు. తను ఏం పనిచేస్తాడో సొంత పిల్లలకు చెప్పలేని మనిషి, ఆ పని మానేసినా పిల్లలు పసిగట్టలేరు.

1844లో పారిస్‌లో ఉండగా యువ మార్క్స్ రాసుకున్న నోట్సులో పరాయీకరణ గురించిన భాగం ఉంది. తను తయారుచేసిన సరుకు తనది కాకుండా పోయి, చివరికి తన శ్రమే తనకు పరాయిదయ్యే కార్మికుడు అందులో కనిపిస్తాడు. అతని ముందు కనీసం సరుకంటూ ఒకటుంది. విన్సెంట్‌కి అదీ లేదు. ఇన్నేళ్లలో తను చేశానని చూపించగలిగిన వస్తువు ఒక్కటీ లేదు.

అతను ఈ సంగతి ఒకే ఒక్కడికి విప్పి చెబుతాడు, నకిలీ సరుకు సరిహద్దులు దాటించే జాన్ మిషెల్‌కి. ఒక హోటల్ లాబీలో విన్సెంట్ తన పాత మిత్రులకు దొంగ మదుపు పథకం వివరిస్తుంటే పక్కన కూర్చుని విన్నవాడు ఈ జాన్ మిషెల్. అబద్ధాన్ని మొదటి చూపులోనే పట్టేస్తాడు. పాత ఉద్యోగంలో తనకు నచ్చిందల్లా కారు నడపడమేనని విన్సెంట్ అతనితో చెబుతాడు. ఒంటరిగా, ఏ ఆలోచనా లేకుండా, గంటల తరబడి. క్రమంగా మీటింగుకు వెళ్లాల్సిన మలుపు వచ్చినా తిరగబుద్ధి కాక ముందుకే పోవడం మొదలైంది. ఉద్యోగం అలా పోయింది. ఈ మాటలు చెబుతున్నప్పుడు నటుడు ఒరేలియాన్ రెక్వాన్ మొహంలో కనిపించే తేలిక సినిమా మొత్తంలో మరెక్కడా కనిపించదు.

జాన్ మిషెల్‌గా వేసిన సెర్జ్ లివ్రోజే గురించి ఆగి చెప్పాలి. ఆయన వృత్తి నటుడు కాదు. కుర్రతనంలో దొంగతనాలు చేసి జైలుకు వెళ్లాడు. జైల్లోనే చదువుకుని రచయిత అయ్యాడు. బయటికొచ్చి ఖైదీల హక్కుల కోసం పోరాడాడు, ఆ పోరాటంలో తత్వవేత్త మిషెల్ ఫూకో ఆయనకు తోడుగా నిలిచాడు. మర్యాదస్తుల కుటుంబంలో ఎవరూ చూడని అబద్ధాన్ని పట్టుకోవడానికి కాంతే సరిగ్గా ఇలాంటి మనిషిని తెచ్చిపెట్టాడు. సినిమాలో విన్సెంట్‌తో తిన్నగా మాట్లాడేది ఈ దొంగ ఒక్కడే. అంతకుముందు 1999లో 'హ్యూమన్ రిసోర్సెస్' తీసినప్పుడూ కాంతే దాదాపు అందరినీ ఫ్యాక్టరీల నుంచి, ఆ జీవితాల నుంచే తెచ్చుకున్నాడు. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోకే కొడుకు మేనేజ్‌మెంట్ ట్రైనీగా వెళ్లే కథ అది. దొరికితే రెండూ వరసగా చూడాలి.

మ్యూరియెల్‌గా కరాన్ వ్యార్ చేసిన పని కూడా తక్కువది కాదు. ఆమెకు తెలుసా, తెలియదా? మధ్యలో ఎక్కడో అనుమానం మొదలై ఉంటుంది. అడిగితే ఇల్లు కూలిపోతుందని అడగదు. ఆ భయం ఆమె చూపుల్లో ఉంటుంది, మాటల్లోకి రాదు. తండ్రి కూడా దుర్మార్గుడు కాదు. కొడుకు గురించి గర్వపడే మామూలు తండ్రి. వీళ్లలో ఒక్కరు కఠినంగా ఉన్నా విన్సెంట్ పారిపోగలిగేవాడు. అందరూ ప్రేమిస్తారు, ఆ ప్రేమ అంతా ఉద్యోగస్తుడైన విన్సెంట్ మీదే ఉంది.

మన తెరమీద నిరుద్యోగం అంటే ఆకలి. 1981లో వచ్చిన బాలచందర్ 'ఆకలి రాజ్యం' తరతరాలకూ గుర్తుండిపోయింది అందుకే. అందులో రంగా చదువుకుని, తండ్రితో పడక ఢిల్లీ వచ్చి, తిండి లేక మాడి, చివరికి మంగలి షాపులో పనికి కుదురుతాడు. కన్నతండ్రి ఆ షాపులోకే వస్తాడు. కొడుకు తలెత్తుకునే ఉంటాడు, ఎందుకంటే చేతిలో పని ఉంది, ఆ పని అతను ఎంచుకున్నది. విన్సెంట్‌కి ఆకలి లేదు. కారుంది, ఇల్లుంది, బ్యాంకులో వేరేవాళ్ల డబ్బుంది. రంగా దగ్గరున్నది ఒక్కటే అతని దగ్గర లేదు. ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నిరుద్యోగమనే మాట కింద ఎంత వేర్వేరు బాధలు ఉన్నాయో అర్థమవుతుంది.

ఫ్రాన్సులో పుట్టిన కథే కానీ, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో 'బెంచ్ మీద' కూర్చున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. జీతం వస్తుంది, ప్రాజెక్టు ఉండదు. రోజూ బ్యాడ్జి వేసుకుని వెళ్లి రావాలి. అమెరికాలో హెచ్ 1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఈలోగా వారం వారం ఇంటికి వీడియో కాల్ చేయాలి. నాన్న ఆఫీసు ఎలా ఉందని అడుగుతాడు. బాగానే ఉందని చెప్పిన కొడుకుని, కూతుర్ని మోసగాళ్లని ఎవరంటారు? తెలుగు ఇళ్లలో పిల్లల ఉద్యోగం వాళ్లొక్కరిది కాదు. దాని మీద ఇంటి లోను ఉంటుంది, చెల్లెలి పెళ్లి ఉంటుంది, వీధిలో నాన్న నడక ఉంటుంది. విన్సెంట్ తండ్రి మొహంలో వెలిగే గర్వాన్ని చూసినప్పుడు నాకు మన వాకిళ్లలో పేపరు పట్టుకుని కూర్చునే పెద్దవాళ్లే కనిపించారు.

ముగింపు ముందుగా తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడితో ఆగి, సినిమా చూసి రావచ్చు. దాన్ని దాటవేసి ఈ సినిమా విలువ చెప్పడం నాకు చేతకాదు.

నిజం బయటపడుతుంది. ఇంట్లో పిల్లలు తండ్రిని భయంగా చూస్తారు. బయట పెద్దాయన కారు ఆగిన చప్పుడు. విన్సెంట్ కిటికీలోంచి దూకి వెళ్లిపోతాడు. రాత్రి హైవే మీద కారు. ఫోన్‌లో మ్యూరియెల్ గొంతు, ఫర్వాలేదు రమ్మంటోంది. అతను కారు ఆపి దిగి చీకట్లోకి నడుస్తాడు. ఇక్కడ ప్రతి ప్రేక్షకుడూ ఊహించేది ఒక్కటే. తర్వాతి దృశ్యంలో విన్సెంట్ బతికే ఉన్నాడు, శుభ్రంగా తయారై ఒక ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాడు. తండ్రి మాటసాయంతో దొరుకుతున్న ఉద్యోగం. అవతలి పెద్దమనిషి మర్యాదగా బాధ్యతలు వివరిస్తాడు. విన్సెంట్ తలూపుతాడు, తనకేమీ భయం లేదంటాడు. కెమెరా అతని మొహానికి దగ్గరవుతుంటే జోస్లిన్ పూక్ సంగీతం వయొలిన్ల మీద పైకి లేస్తుంది.

ఉద్యోగం దొరికింది. కుటుంబం నిలిచింది. ఎవరూ చావలేదు. ఏ కథలోనైనా దీన్ని శుభం కార్డు అంటారు. ఇంత భయపెట్టిన ముగింపుని నేను మరే థ్రిల్లర్‌లోనూ చూడలేదు. రోమాన్ కథలో చచ్చిపోయినవాళ్లు కనిపిస్తారు, లెక్క తేలుతుంది. ఇక్కడ పోయిన మనిషి రేపు ఉదయం టై కట్టుకుని ఆఫీసుకు వెళ్తాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

ఇదే ఇతివృత్తంతో 2008లో కియోషి కురొసావా 'టోక్యో సొనాటా' తీశాడు. చాలా మంచి సినిమా. అందులో కుటుంబం కూలి మళ్లీ లేస్తుంది, చిన్నకొడుకు పియానోలో ఒక ఊరట ఉంది. కాంతే ఆ ఊరట ఇవ్వలేదు. అందుకే దీన్ని తక్కువమంది చూసి ఉంటారు. అందుకే దీన్నే ముందు చూడమంటాను.

రెండుంబావు గంటల సినిమా. నెమ్మదిగా నడుస్తుంది, మొదటి అరగంట ఓపిక పట్టండి. హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో ఫిల్మ్ క్లబ్బులు నడుపుతున్న మిత్రులకు నా విన్నపం: ఏడాదికి ఒక్కసారైనా దీన్ని పెద్ద తెర మీద వేయండి. శనివారం సాయంత్రం వేయండి, ఆఫీసు ఉద్యోగులు రాగలిగేలా. తెలుగు సబ్‌టైటిల్స్ రాసే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా ముందుకొస్తే, తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని చూడొచ్చు.