చెట్టు మందే కదా అని కొడితే, అక్షింతల పురుగు గతేంది?

ఆదివారం పొద్దుగాల పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటి సంగారెడ్డి దిక్కు ఊర్లల్లకు పోతే ఒక ముచ్చట కండ్లవడ్తది. వారమంతా పాశమైలారం కంపెనీలల్ల షిఫ్టులు చేసిన పోరగాళ్లు ఆ ఒక్కరోజు పత్తి చేన్ల, కూరగాయల మడుల్ల పంపు వీపుకేసుకొని తిరుగుతుంటరు. పురుగును చూసి కొట్టే మందు కాదది, సెలవును చూసి కొట్టే మందు. ఈ నడుమ ఆ పంపుల్ల పోసే సీసాల మీద ‘వేప’, ‘బయో’ అనే మాటలు ఎక్కువైనయి. అడిగితే ఒకటే జవాబు: “చెట్టు మందే కదన్నా, మంచి పురుగులకు ఏం గాదు.”

ఈ మాటల సగమే నిజముంది. మిగిలిన సగం ఇప్పుడే మాట్లాడుకోవాలె. ఎందుకంటే 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు 2,481 కోట్లు ఒప్పుకున్నది. కోటి మంది రైతుల దగ్గరికి పోవాలని, 10 వేల జీవ ఎరువుల, కషాయాల కేంద్రాలు పెట్టాలని లెక్క. అంటే కషాయాలు ఇగ ఊరి పక్కనే దొరుకుతయి. మంచిదే. కానీ ఏ కషాయం ఎవరిని చంపుతదో చెప్పేటోళ్లు ఎవరు?

ముందుగాల మన చేన్ల జీతం లేకుంట పనిచేసే కూలీలను గుర్తుపట్టాలె. అక్షింతల పురుగు, దాని పిల్లలు పేనుబంకను వందల లెక్కన తింటయి. అల్లిక రెక్కల పురుగు సన్నటి పోగు కొసన గుడ్డు పెడ్తది, దాని పిల్ల పేనుబంకనే కాదు, చిన్న పురుగులను, గుడ్లను కూడా పీల్చేస్తది. ట్రైకోగ్రామా అనే కంటికి ఆననంత చిన్న ఈగ పచ్చపురుగు గుడ్డులనే తన గుడ్డు పెడ్తది. సాలీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. బాధ ఏందంటే, అక్షింతల పురుగు పెద్దగైనంకనే ఎర్రగ, గుండ్రంగ ముద్దుగుంటది. పిల్లప్పుడు నల్లగ, చిన్న మొసలి లెక్కుంటది. దాన్ని చూసి “కొత్త పురుగు వడ్డది” అని మందు కొట్టేటోళ్లు ఎందరో.

ఇగ వేప సంగతి. వేపగింజల ఉండే అజాడిరక్టిన్ రెండు పనులు చేస్తది. ఆకు తినబుద్ధి కాకుంట చేస్తది, పురుగు కుబుసం విడవకుంట అడ్డుపడ్తది. ఆకు తినే పురుగు కడుపుల మందు పోతది. పురుగును తినే పురుగు ఆకు ముట్టదు కాబట్టి చానా వరకు బతుకుతది. మన చెట్టు మందుల గొప్పతనం ఇక్కడనే ఉన్నది. కానీ అక్షింతల పురుగు పిల్ల కూడా కుబుసం విడిచే పెరగాలె. నేరుగ దాని మీదనే చిక్కగ కొడితే అది కూడా పెరగక చస్తది. పెద్ద పురుగు తట్టుకుంటది, పిల్ల తట్టుకోదు. వేపనూనె, కానుగనూనె మోతాదు దాటితే మెత్తటి ఒళ్లున్న చిన్న జీవాలకు ఊపిరాడనియ్యయి. అండ్ల మనోడు, పరాయోడు అని చూడయి.

పొగాకైతే పూరా వేరే కథ. అది కూడా చెట్టే. కానీ అండ్లుండే నికోటిన్ తగిలిన పురుగునల్లా పడగొడ్తది, మనిషికి కూడా విషమే. నికోటిన్ సల్ఫేట్‌ను మన దేశంల వాడొద్దని 1992లనే నిషేధించిన్రు. ఇయ్యాల పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులను నికోటిన్ నమూనా మీదనే తయారుచేసిన్రు. ప్రకృతి సేద్యంల చెప్పే అగ్నిఅస్త్రంల పొగాకు, పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ, వేపాకు కలుస్తయి. దాన్ని వేపకషాయం లెక్కన వారం వారం కొట్టుడు తప్పు. వేరే తొవ్వ లేనప్పుడు, పురుగు వడ్డకాడనే కొట్టాల్సిన మందది.

సీసా మీద పచ్చ త్రికోణం చూసి మోసపోవద్దు. ఆ రంగు ఎలుకల మీద పరీక్షలు చేసి, మనుషులకు ఎంత ప్రమాదమో చెప్పే గుర్తు. అక్షింతల పురుగు గురించి అది ఏం చెప్పదు. ఇంకో ముచ్చట: వేప మెల్లగ పనిచేస్తది. పురుగు తినుడు ఆపి, చచ్చేటాళ్లకు కొన్ని రోజులు పడ్తది. ‘బయో’ అని రాసిన మందు కొట్టిన గంటకే చేనంతా పురుగులు రాలితే సంబురపడకున్రి, అనుమానపడున్రి. అండ్ల రసాయనం కలిపి ఉండొచ్చు. 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు సీసా మీద లేకుంటే కొననే వద్దు.

మరి ఏం చెయ్యాలె? రాజేంద్రనగర్‌ల ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఒక సులువు లెక్క చెప్తది: రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు అక్కర్లేదు. మందు తప్పదనుకుంటే అయిదు శాతం వేపగింజల కషాయం చాలు. అయిదు కిలోల గింజల పొడిని రాత్రంతా పది లీటర్ల నీళ్లల్ల నానబెట్టి, వడగట్టి, జర సబ్బు కలిపి, వంద లీటర్లు చెయ్యాలె. ఎండకు అజాడిరక్టిన్ తొందరగ చెడిపోతది, అందుకే పొద్దుమీకినంక కొట్టాలె. షిఫ్టు చేసొచ్చేటోళ్లకు ఆదివారం మిట్టమధ్యాహ్నం కంటే అదే నయం. ట్రైకో కార్డులు కట్టినంక కొన్ని రోజులు ఏ మందూ కొట్టొద్దు. కందిల పచ్చపురుగు ఎక్కువైతే కవరు పరిచి చెట్టు దులుపున్రి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ కూడా చెప్పిన ఉపాయమే అది.

ఇది అయ్యే పనేనా అంటే, అయినకాడ చూడున్రి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల 2004 నాటికే పురుగుమందులకు దండం పెట్టింది. 2006ల ఏనబావి పూర్తి సేంద్రియ ఊరైంది. ఆ ఊర్లు ఒక సీసా తీసి ఇంకో సీసా పట్టలే. రోజూ చేన్ల తిరిగి పురుగును చూసుడు నేర్చుకున్నయి.

సర్కారును మనం అడగాల్సింది కూడా గదే. కషాయం కేంద్రం పెడితే డ్రమ్ములు, కొలతలు ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. చేన్ల పురుగులను లెక్కపెట్టుడు నేర్పే మనిషిని పెట్టాలె. అమ్మే ప్రతి బయో సీసా నమూనా తీసి పరీక్షించి, ఫలితం ఊరి పంచాయతీ గోడ మీద అంటియ్యాలె. నక్కవాగు నీళ్లు ఎట్ల పాడైనయో చూసినోళ్లం మనం. ఆ కాలుష్యం కేసు 1990ల సుప్రీంకోర్టు దాకా పోయింది. విషం పారినంక కోర్టుల చుట్టు తిరుగుడు ఎంత కష్టమో ఈ ప్రాంతపోళ్లకు తెలిసినంత ఎవ్వరికి తెల్వదు.

వచ్చే ఆదివారం పంపు ఎత్తేముందు ఒక అర్ధగంట చేన్ల నడువున్రి. ఇరవై చెట్ల ఆకులు తిప్పి చూడున్రి. చిన్న మొసలి లెక్క నల్లగ ఏదన్న కనవడితే, ఆ చెట్టు జోలికి పోకున్రి. మీకంటే ముందే పనిలకు దిగిన కూలీ అది.