బంపరు సొట్టకు బీమా అడగాలా?

విజయవాడ పటమటలో ఓ అపార్ట్‌మెంటు. పొద్దున్నే స్కూలుకు టైమైపోతోందని టీచరమ్మ సెల్లారులో కారు రివర్సు తీశారు. ‘కర్ర్‌...’మని చప్పుడు. దిగి చూస్తే వెనక బంపరు ఒక మూల చిట్లింది. పిల్లరుకు మాత్రం ఏమీ కాలేదు!

సాయంత్రం సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే తొమ్మిది వేలు అవుతుందన్నారు. ‘క్లెయిము పెట్టేయండి మేడమ్‌, అంతా బీమావాళ్లే చూసుకుంటారు. పన్లో పనిగా తలుపు మీద ఆ పాత గీత కూడా కలిపేద్దాం’ అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఇంట్లో ఆయనదీ అదే మాట. ‘నాలుగేళ్ల నుంచీ కడుతూనే ఉన్నాం. ఒక్క రూపాయి వెనక్కి వచ్చిందా? ఇప్పుడైనా వాడుకోకపోతే ఎందుకది?’

ఆ బాధ చాలా ఇళ్లలో ఉన్నదే. అయితే టీచరమ్మది లెక్కల సబ్జెక్టు. పాలసీ కాగితం, ఎస్టిమేటు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు.

ముందు వచ్చేదెంతో చూశారు. తొమ్మిది వేలలో కొత్త బంపరు 3,500, రంగు 4,000, కూలి 1,500. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్‌ భాగాలకు తరుగు కింద సగం కోసేస్తారు. అంటే బంపరుకు 1,750 వస్తుంది. రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం తీసేస్తారు. అక్కడ 500 పోయింది. ఈ తరుగు లేకుండా ఇచ్చే ‘జీరో డిప్రిసియేషన్‌’ రక్షణ ఆవిడ తీసుకోలేదు. చివరగా తప్పనిసరి మినహాయింపు ఒకటుంది. 1500 సీసీ లోపు కార్లకు వెయ్యి రూపాయలు, ఆపైన వాటికి రెండు వేలు. అన్నీ పోను చేతికొచ్చేది 5,750. ‘అంతా వాళ్లే’ కాదన్నమాట.

ఇక పోయేదెంత? అసలు చిక్కు ఇక్కడే. క్లెయిము లేకుండా ఏడాది గడిస్తే ‘నో క్లెయిమ్‌ బోనస్‌’ కింద 20 శాతం తగ్గింపు ఇస్తారు. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. ఇది మొత్తం ప్రీమియం మీద కాదు, సొంత వాహనానికి జరిగే నష్టం తాలూకు ప్రీమియం మీదే. థర్డ్‌ పార్టీ ప్రీమియం ఎటూ పూర్తిగా కట్టాల్సిందే. ఆవిడ కారుకు ఆ సొంత నష్టం ప్రీమియం, తగ్గింపు లేకుండా చూస్తే 8,000. నాలుగు నెలల్లో రెన్యువల్‌. ఈలోపు క్లెయిము లేకపోతే 50 శాతం తగ్గింపు. పెడితే సున్నా.

‘అంటే పోయేది నాలుగు వేలు, వచ్చేది 5,750. ఇంకా లాభమేగా!’ అన్నారాయన.

ఇక్కడే చాలామంది లెక్క ఆపేస్తారు. బోనస్‌ పాము కాటేస్తే ఒక్క మెట్టు దిగదు, మొదటికొస్తుంది. మళ్లీ ఎక్కడానికి అయిదేళ్లు పడుతుంది. మొదటి ఏడు 50 శాతం తేడా, తర్వాత వరుసగా 30, 25, 15, 5. కలిపితే 125 శాతం. ఎనిమిది వేల మీద పది వేలు! పన్ను అదనం. కారు పాతబడేకొద్దీ ఆ ప్రీమియం కొంత తగ్గొచ్చు. అయినా 5,750 దగ్గరకైతే రాదు. అదే కొత్తగా కారు కొన్న ఏడాదే ఈ దెబ్బ తగిలి ఉంటే ఇదే పద్ధతిలో తేడా 50 శాతమే, అంటే నాలుగు వేలు. అప్పుడు క్లెయిమే మేలు.

ఇంకో సంగతీ ఉంది. బోనస్‌ కారుది కాదు, యజమానిది. కారు అమ్మి కొత్తది కొంటే వెంట తీసుకెళ్లొచ్చు. రెండేళ్లలో పెద్ద కారు కొనాలని వీళ్ల ఆలోచన. దాని ప్రీమియం ఎక్కువ కాబట్టి ఆ తగ్గింపు విలువా ఎక్కువే. కాకపోతే గడువు దాటిన 90 రోజుల్లోపు రెన్యువల్‌ చేయించకపోతే అదంతా గాల్లో కలిసిపోతుంది. క్లెయిము పెట్టినా బోనస్‌ పోకుండా కాపాడే అదనపు రక్షణ కూడా కంపెనీలు అమ్ముతున్నాయి. అది ఉన్నవాళ్ల లెక్క వేరు. పాలసీలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

తలుపు గీత మాటేమిటంటారా? వేర్వేరు ప్రమాదాలకు వేర్వేరు క్లెయిములే పెట్టాలి, మినహాయింపూ రెండుసార్లు పోతుంది. ఒకే దెబ్బని చెబితే అబద్ధం చెప్పినట్టే. ఏది పాత గీతో ఏది కొత్తదో కనిపెట్టడమే సర్వేయరు పని.

ఈ కూడికలూ తీసివేతలూ సొంత సొట్టల వరకే. మనిషికి దెబ్బ తగిలినా, ఎదుటి వాహనం పాడైనా బోనస్‌ సంగతి పక్కన పెట్టి వెంటనే బీమా కంపెనీకి చెప్పాలి. గాయాలైతే పోలీసులకూ చెప్పాలి. బిల్లు పాతిక ముప్ఫై వేలు దాటే దెబ్బకు ఆవిడైనా క్లెయిమే పెట్టేవారు. ఏదైనా నిర్ణయం మాత్రం త్వరగా తీసుకోవాలి. రిపేరు చేయించేశాక బీమా అడిగితే చూపించడానికి సొట్ట ఉండదు.

మర్నాడు కారు ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డుకు వెళ్లింది. బంపరు మార్చక్కర్లేదు, అతికించి రంగేస్తానన్నాడు మేస్త్రి. 4,200 తీసుకున్నాడు. రంగు కొద్దిగా తేడా వచ్చింది. ఎండలో నిలబెడితే తెలుస్తుంది. ‘నాకు కనబడుతోంది’ అంటారాయన. సెల్లారులో ఎండ ఎక్కడిదంటారావిడ.