ఎకరం అమ్మే ముందు ఆలోచించండి

పిల్లలు ఇంటర్ బైపీసీ పాసైతే చాలు, మన ఎల్లారెడ్డిపేట వైపు రైతుల ఇళ్లలో ఒకటే మాట: 'ఎకరం అమ్మైనా సరే, అగ్రికల్చర్ బీఎస్సీ చదివిద్దాం.' ఆశ మంచిదే. తొందరే చేటు.

మన జిల్లాలోనే జిల్లెల్లలో బాబు జగ్జీవన్‌రామ్ వ్యవసాయ కళాశాల ఉంది. 2018లో మొదలైంది. జగిత్యాల దగ్గర పొలాసలో 2008 నుంచి మరొకటి నడుస్తోంది. అక్కడే పరిశోధనా స్థానం కూడా ఉంది. రెండూ ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానివే. ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు ఇస్తారు, రైతు బిడ్డలకు కోటా ఉంది. మొదట వీటికే ప్రయత్నించాలి.

ర్యాంకు అందకపోతే ప్రైవేటుకు వెళ్లడం తప్పేమీ కాదు. అయితే డబ్బు కట్టే ముందు నాలుగు మాటలు అడగాలి. ఐసీఏఆర్ గుర్తింపు ఉందా? లేకపోతే రేపు పీజీ సీటుకు, సర్కారు కొలువుకు అడ్డం పడొచ్చు. సొంత పొలం, భూసార ప్రయోగశాల ఉన్నాయా? చివరి ఏడాది పిల్లలను పల్లెల్లో రైతుల వెంట నిజంగా ఉంచుతారా? హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు మొత్తం ఎంతవుతుంది?

విత్తనాల సంచి మీద ముద్ర చూడనిదే కొనం. బిడ్డ చదువును రంగుల కాగితం చూసి కొంటే ఎట్లా?