యంత్రంతో రాయబారం

కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ కావాలన్నారు పెద్దలు. ఈ రెంటికీ సిద్ధంగా ఉండే ఉజ్జీ ఒకటి ఇప్పుడు మన ఇళ్ళలోనే దొరుకుతోంది. దాని పేరు కంప్యూటరు.

స్వీడను దేశపు పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనే ఆట ఉంది. పేరుకే యూరోపు, పటంలో లోకమంతా ఉంది. 1444 నవంబరు 11న ఆట మొదలు. అప్పటికి విజయనగరంలో రెండవ దేవరాయలు, కటకంలో కపిలేంద్ర గజపతి, బీదరులో బహమనీ సుల్తాను. మనం ఒక రాజ్యం తీసుకుంటే మిగతావన్నీ యంత్రమే ఏలుతుంది. సెలవులకు ఆత్మకూరు వచ్చినప్పుడల్లా మా మనుమడు విజయనగరం ఏలుతాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని మంత్రిగిరీ వెలగబెడతాను.

ఈ యంత్రానికి మొగమాటం లేదు. పొరుగు రాజుకు మనమీద ఉన్న అభిప్రాయం అంకెల్లో చూపుతుంది. పైకి 200 అయితే ప్రాణస్నేహం. సున్నకు దిగువ 200 అయితే బద్ధవైరం. దూతను పంపితే అంకె మెల్లగా పెరుగుతుంది. వియ్యమందితే మరికొంత. మిత్రుడు యుద్ధానికి పిలిచినప్పుడు మొహం చాటేస్తే నమ్మకం పోతుంది. సంధి గడువు తీరకుండా కత్తి దూస్తే మన ఇంట్లోనే స్థిరత్వం పోతుంది. అన్నిటికన్న పెద్దది దురాక్రమణ పద్దు. ఓడినవాడి నేల మింగినకొద్దీ ఆ బాకీ చుట్టుపక్కలవారందరి ఖాతాల్లోనూ పడుతుంది. ఏళ్ళమీద గాని తరగదు.

మొన్న మావాడు గజపతిని ఓడించి, అందిన సీమలన్నీ ఒక్క సంధితో కలిపేసుకున్నాడు. కాస్సేపటికి పొరుగువారంతా కూటమి కట్టారు.

“అన్యాయం తాతా! నేను వాళ్ళ జోలికే పోలేదుగా?” అన్నాడు.

“ఇవాళ వాడి ఇల్లు, రేపు మన ఇల్లు అనుకోరట్రా?” అన్నాను.

మా ఊరికి వాయవ్యాన ఉన్న ఉదయగిరి కథ చెప్పాను. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. 1514లో గాని అది లొంగలేదు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి గుడి కట్టించాడు. 1515లో కొండవీడు గెలిచి, ఆపైన సింహాచలం దాకా నడిచాడు. తీరా ఇంత గెలిచి, ప్రతాపరుద్ర గజపతి కూతురిని పెండ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన సీమలను మామగారికే తిరిగి ఇచ్చేశాడు. ఉదయగిరి మాత్రం ఇవ్వలేదు సుమండీ! తూర్పు పోరు సద్దుమణిగింది గనుక, 1520లో నిశ్చింతగా పడమట రాయచూరు మీదికి పోయి ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించగలిగాడు.

“గెలవడం సేనాపతి పని. ఎంత ఉంచుకోవాలో తేల్చడం రాజు పని” అన్నాను, కాస్త గర్వంగానే.

మనుమరాలు అప్పటిదాకా మల్లెలు కడుతూ వింటోంది.

“మరి ఆ పెళ్ళికూతురు ఏమయింది తాతా?” అంది.

రాయలు ఆమెను ఆదరించలేదనీ, ఆమె కంభంలో ఒంటరిగా కాలం గడిపిందనీ, అక్కడి పెద్ద చెరువు ఆమె చలవేననీ జనశ్రుతి. అదే చెప్పాను.

“సంధి ఇద్దరికీ లాభించింది. మరి ఆమెకు ఎన్ని మార్కులు పడ్డాయిరా?” అని తమ్ముణ్ణి అడిగింది.

వాడు పటమంతా వెతికాడు.

“ఆమెకు అంకె లేదక్కా!” అన్నాడు.