ఇల్లు చూసేటప్పుడు బండి లేని మనిషి దారి చూడండి



ఇల్లు కొనేవారికి, అద్దెకు చూసుకునేవారికి మీ పత్రిక ఇచ్చిన సూచనలు చదివాను. వాస్తు, బ్యాంకు రుణం, సెంటు ధర, బోరు నీళ్లు అన్నీ ప్రస్తావించారు. ఆ ఇంట్లోవాళ్లు రోజూ పొద్దున ఎలా బయల్దేరతారు, సాయంత్రం ఎలా తిరిగొస్తారు అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. మా రాజమహేంద్రవరం లాంటి ఊళ్లో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది కూడా ఇంట్లో బండి నడిపే మనిషిని అడిగితే సరిపోదు. బండి లేని మనిషి ఏ దారిన, ఎంతసేపట్లో వెళ్లి రాగలదో చూసి ఇల్లు ఖాయం చేసుకోవాలి.

నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. బదిలీ మీద వచ్చినవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ సలహా అడిగితే, ఊళ్లోవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "చిన్న ఊరేనండీ, ఎక్కడున్నా పావుగంట." 2011 జనాభా లెక్కల్లో నగరం మూడున్నర లక్షలకు కొంచెం తక్కువే. పుష్కర ఘాట్ నుంచి లాలాచెరువు దాకా అయిదారు కిలోమీటర్లు ఉంటుందేమో. కాబట్టి ఆ మాట నిజమేననిపిస్తుంది. కానీ ఈ ఊరికి పడమట గోదావరి, మధ్యలో రైలు పట్టాలు, తూర్పున పదహారో నంబరు జాతీయ రహదారి ఉన్నాయి. వీటిని దాటే చోట్లు కొద్దిగానే ఉన్నాయి, అందరూ అక్కడికే చేరాలి. అందుకని మన ప్రయాణం కష్టమో సుఖమో చెప్పాలంటే కిలోమీటర్లు చూసి లాభం లేదు. పొద్దున ఎన్ని ఇరుకులు దాటాలో చూడాలి.

ముందు ఏటి సంగతి. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన 1974లో వచ్చింది. 2015 పుష్కరాల ఏడాదిలో నాలుగో వంతెన వచ్చింది. దిగువన ధవళేశ్వరం బ్యారేజి మీద ఇంకో దారి ఉంది. ఇన్ని ఉన్నా, 2023లో మరమ్మతుల కోసం రోడ్డు కం రైలు వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు కొవ్వూరు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. బండి ఉన్నవాళ్లు చుట్టు తిరిగి వచ్చారు. లేనివాళ్లకు బస్సు ఎటు నుంచి, ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడమే పెద్ద పనైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి, జిల్లా కేంద్రం కాకినాడ నుంచి ఇక్కడికి మారింది. అంటే ఏరు దాటి ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు పెరిగారు. ఏరు మాత్రం అక్కడే ఉంది.

ఇక తూర్పు వైపు మోరంపూడి కూడలి. హైవే మీద లారీలు, బస్సులు దూసుకుపోతుంటే ఊళ్లోవాళ్లు అడ్డంగా దాటాల్సి వచ్చిన చోటు అది. అక్కడ పైవంతెన కావాలని జనం ఏళ్ల తరబడి అడిగారంటే ఎన్ని ప్రమాదాలు చూశాక అడిగి ఉంటారో ఊహించుకోవచ్చు. వానాకాలంలో కంబాలచెరువు, ఆర్యాపురం, తుమ్మలావ ప్రాంతాల్లో నీళ్లు నిలిచిపోతే ఆ పూట సర్వీసు ఆటోలు అటు రావు. ఎండాకాలంలో ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మన దగ్గర ఊరి లోపల ప్రయాణమంటే చాలామందికి సర్వీసు ఆటోయే. దాని పద్ధతి తెలిసి ఇల్లు చూసుకోవాలి. సాయంత్రం ఆరున్నరకు, చీకటి పడే వేళ, మెయిన్ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్లను చూడండి. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో పిల్లాడి స్కూలు బ్యాగు. ఆటో వచ్చి ఆగుతుంది. కాలనీ పేరు చెప్పగానే, "మెయిన్ రోడ్డు దాకానేనమ్మా, లోపలికి బేరం కట్టుకోవాలి" అంటాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. లోపలి వెంచర్‌లోంచి వెనక్కి రావడానికి జనం దొరకరు, పెట్రోలు దండగ. ఎనిమిది దాటితే ఆ బేరం కూడా రెట్టింపవుతుంది. మెయిన్ రోడ్డుకు కిలోమీటరున్నర లోపల ఇల్లు తీసుకున్నప్పుడు బండి ఉన్నాయనకు అది రెండు నిమిషాల దూరం. బండి లేని ఇల్లాలికి మాత్రం రోజూ చీకట్లో కుక్కల మధ్య నడక.

అద్దె తక్కువని దూరం వెళ్లేవాళ్లు ఒక్కసారి లెక్క కట్టి చూడాలి. ఆఫీసు పన్నెండు కిలోమీటర్లు ఉందనుకుందాం. వెళ్లి రావడానికి ఇరవై నాలుగు, నెలలో ఇరవై అయిదు రోజులకు ఆరు వందల కిలోమీటర్లు. బండి లీటరుకు నలభై అయిదు ఇస్తే, లీటరు 110 రూపాయల చొప్పున పెట్రోలుకే పద్నాలుగు వందల పైచిలుకు అవుతుంది. సర్వీసింగు, టైర్లు వేరు. ఒక్కో వైపు నలభై నిమిషాలు పడితే నెలకు ముప్పై మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఇంట్లో ఇంకొకరికి కూడా పని ఉంటే రెండో బండి కొనాలి, దాని వాయిదాలు కట్టాలి. అద్దెలో నెలకు మూడు వేలు మిగిలినా అవి ఇక్కడే హరించుకుపోతాయి. పోనీ రెండో బండి కొనకపోతే ఆ ఇంటి ఇల్లాలో, కూతురో ఉద్యోగం మానుకుంటుంది, లేదా దగ్గర్లో దొరికిన తక్కువ జీతం పనికి ఒప్పుకుంటుంది. ఆ నష్టం ఏ లెక్కలోనూ కనబడదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. భర్త రాజానగరం వైపు కాలేజీలో పనిచేస్తున్నాడు, భార్య కొవ్వూరు అవతల పల్లెలో టీచరు. మామూలుగా ఇలాంటివాళ్లు ఇద్దరికీ మధ్యగా ఉంటుందని ఊరి నడిబొడ్డునో, ఆయన ఆఫీసుకు దగ్గరని హైవే పక్కనో చూసుకుంటారు. నేనైతే గోదావరి స్టేషనుకో, వంతెన మీదుగా పోయే బస్సు ఆగే చోటుకో నడిచి వెళ్లగలిగేంత దూరంలో చూడమంటాను. ఆయనకు కాలేజీ బస్సు ఉంటుంది, లేకపోయినా హైవే మీద వాహనాలకు లోటు లేదు. ఆవిడకు బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో, తొమ్మిదింటికి బడి గంట కొట్టేస్తారు. ఎవరి దారి కష్టమో వాళ్ల దారిలో ఇల్లుండాలి.

"ఇల్లు ఒక్కసారి కొంటాం, ఉద్యోగాలు మారుతుంటాయి, రాకపోకలు చూసి ఎలా కొంటాం?" అని అడిగేవాళ్లున్నారు. ఉద్యోగం మారినా బస్టాండు మారదు, రైల్వే స్టేషను మారదు, ఆస్పత్రి, కూరగాయల మార్కెట్టు మారవు. రాత్రి తొమ్మిదింటి దాకా ఆటోలు, బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఉంటే ఏ ఆఫీసుకు బదిలీ అయినా అక్కడి నుంచి దారి దొరుకుతుంది. "దానవాయిపేటలో, ప్రకాశ్‌నగర్‌లో కొనే స్తోమత మధ్యతరగతికి ఎక్కడుంది?" అన్నది ఇంకో అభ్యంతరం. అందరూ ఊరి మధ్యకే రావాలని నేననడం లేదు. శివార్లలో ఉండండి, కానీ మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉండండి. అదే డబ్బుకు లోపల పెద్ద ఇల్లు వస్తుందన్నా, రోడ్డు పక్కన ఒక గది తక్కువైన ఇల్లే తీసుకోండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇది నిజంగా గొప్ప మేలు. కానీ ఉచిత బస్సు ఎక్కడానికి ముందు బేరం ఆటోకు డబ్బులిచ్చి బస్‌స్టాపు దాకా రావాల్సి వస్తే ఆ మేలు సగం ఆటోకే పోతుంది. బస్సు దారిలో ఇల్లున్న ఆడమనిషికి ఈ పథకం నెల జీతంలో తెలిసేంత తేడా తెస్తుంది.

ఈ బరువంతా ఇల్లు వెతుక్కునేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. వెంచర్ల ప్రకటనల్లో ఎయిర్‌పోర్టు పది నిమిషాలు, హైవే అయిదు నిమిషాలు అని వేస్తారు. మధురపూడి విమానాశ్రయానికి రోజూ వెళ్లే కుటుంబాలు ఎన్ని? ప్రకటనలో రెరా నంబరు వేయాలని నిబంధన ఉన్నట్టే, బస్సు ఆగే చోటికి అక్కడి నుంచి నడిచి ఎంత దూరమో కూడా వేయాలని నిబంధన పెట్టాలి. రుడా (రాజమహేంద్రవరం పట్టణాభివృద్ధి సంస్థ) అధికారులు లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడు లోపలి రోడ్డు వెడల్పు, పార్కు స్థలం చూసినట్టే, మెయిన్ రోడ్డు దాకా కాలిబాట, వీధి దీపాలు ఉన్నాయో లేదో చూడాలి. 2027 పుష్కరాల పనుల్లో ఘాట్లు, రోడ్లతో పాటు పొద్దున, సాయంత్రం శివారు కాలనీలను కలుపుతూ తిరిగే చిన్న బస్సులకూ కొంత కేటాయించాలి. యాత్రికులు వెళ్లిపోయాక ఊరికి రోజూ పనికొచ్చేవి ఆ బస్సులే.

ఇల్లు చూసుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే. అడ్వాన్సు ఇచ్చే ముందు, ఆదివారం కాకుండా పనిరోజున, ఇంట్లో బండి నడపని మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసుకో, బడికో సర్వీసు ఆటోలో, బస్సులో వెళ్లి చూడండి. రాత్రి ఎనిమిదికి అలాగే తిరిగి రండి. ఆ మనిషి సరేనంటేనే ఖాయం చేసుకోండి. మీ పత్రిక ఇళ్ల పేజీలో ధరల పట్టిక పక్కనే ఏ కాలనీకి బస్సు ఎన్నింటి దాకా ఉంది, ఆటో ఎక్కడిదాకా వస్తుంది అన్న వివరాలు వారం వారం వేస్తే ఈ ఊరికి ఎంతో మేలు చేసినవారవుతారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం